భార్యకో భర్తకో కొత్త వృత్తి సూచించడం ఎలా?

“ఇంట్లో ఖాళీగానే ఉంటావు కదా, ఏదైనా చేయకూడదా?” ఈ మాటతో మొదలైన సూచన ఏదీ ముందుకు సాగగా నేను చూడలేదు. “ఆ జీతానికి ఇంకెన్నాళ్లు చేస్తారు?” అన్నదీ అంతే. నల్లగొండలో స్వయం ఉపాధి శిక్షణ ఇచ్చే చోట ఏళ్ల తరబడి పనిచేస్తున్నాను. భార్యను వెంటబెట్టుకొచ్చి “ఏదో ఒకటి నేర్పించండి మేడం” అనే భర్తలు, భర్త ఫోటోలూ ఆధార్ నకలూ పట్టుకొని ఆయనకు తెలియకుండానే దరఖాస్తు పెట్టడానికి వచ్చే భార్యలు తరచుగా తగులుతూనే ఉంటారు. దేవరకొండ నుంచి, మిర్యాలగూడ నుంచి, అటు కల్వకుర్తి వైపు నుంచి కూడా వస్తారు. అందరిదీ మంచి ఉద్దేశమే. పని మాత్రం చెడగొడతారు. చెడగొట్టకుండా చేసే పద్ధతి కింద రాస్తున్నాను. ఆలి మగనికి చెప్పినా, మగడు ఆలికి చెప్పినా పద్ధతి ఒకటే.

కావలసినవి

వంద పేజీల రూళ్ల నోటుపుస్తకం, పెన్సిల్, గత మూడు నెలల ఇంటి ఖర్చుల లెక్క, పదిహేను రోజుల ఓపిక. పెన్ను వద్దు. ఫోనులో రాయడం అసలే వద్దు. ఇంట్లో ఫోను అందరి చేతులూ మారుతుంది, రెండో రోజుకల్లా పిల్లలు చదివేసి చెప్పేస్తారు. నోటుపుస్తకం మీ బట్టల అడుగున పెట్టుకోండి.

ఖర్చుల లెక్క దేనికంటే, కొత్త పని నుంచి ఆరు నెలలు రూపాయి రాకపోయినా ఇల్లు నడుస్తుందో లేదో మీకు తెలియాలి. నడవదని తేలితే సూచన వాయిదా వేసి ముందు అప్పుల సంగతి చూసుకోండి.

మొదటి దశ: చూసి రాయడం

రోజుకు రెండు మూడు వాక్యాలు చాలు. నియమం ఒక్కటే. ఆ మనిషి చేసిన పని రాయాలి, గుణం రాయకూడదు. “ఓపిక ఎక్కువ”, “కష్టజీవి”, “మాటకారి” లాంటివి పెళ్లిచూపుల్లో పనికొస్తాయి గానీ ఇక్కడ పనికిరావు. “బడి ఫీజు రసీదు మీద తేదీ తప్పు పడితే అక్కడే నిలబడి మార్పించింది”, “పక్కింటివాళ్ల గోడ గడియారం అడగకుండానే విప్పి బాగుచేశాడు.” ఇలా రాయాలి.

పదిహేను రోజులయ్యాక మూడు రకాల వాక్యాల కింద గీతలు గీయండి. బయటివాళ్లు ఏ పని కోసం వెతుక్కుంటూ వస్తున్నారు? ఎవరూ చెప్పకుండానే ఏ పని మొదలుపెడుతున్నారు? ఏ పని చేశాక అలసట కనిపించడం లేదు? మూడోది జాగ్రత్తగా చూడాలి. ఒక పని చక్కగా చేస్తూనే దాన్ని లోలోపల అసహ్యించుకునేవాళ్లు ఇంటికొకరు ఉంటారు.

ఇంటికంటే జాతరలు, పెళ్లిళ్లు చూడటానికి మంచి చోట్లు. చెర్వుగట్టుకో కురుమూర్తికో బంధువులంతా ఒకే బండిలో బయలుదేరినప్పుడు తలలు ఎవరు లెక్కపెడతారో, డ్రైవరుతో బాడుగ ఎవరు తేలుస్తారో, ఏడ్చే పిల్ల ఎవరి ఒళ్లోకి చేరితే ఊరుకుంటుందో గమనించండి. ఇంట్లో పనులు ఎప్పుడో అలవాటు కొద్దీ పంచుకున్నవి. బయట ఎవరికి ఏది చేతనైతే దానికి వాళ్లే ముందుకొస్తారు.

ఈ దశలో జరిగే తప్పు ఒక్కటే. వంట బాగుంది కాబట్టి కర్రీ పాయింట్, కుట్టు వచ్చు కాబట్టి టైలరింగ్, కారు నడపడం వచ్చు కాబట్టి క్యాబ్ అని తేల్చేయడం. నలుగురికి వండిపెట్టడం వేరు. కర్రీ పాయింట్ అంటే తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి, కిలోలకొద్దీ ఉల్లిపాయలు తరగాలి, పదకొండుకల్లా పది రకాలు సిద్ధం కావాలి, సాయంత్రం మిగిలిన కూర పారబోసేటప్పుడు గుండె దిటవు చేసుకోవాలి, అప్పు పెట్టినవాళ్లను మొహమాటం లేకుండా అడగాలి. ఇందులో చేతి రుచి వాటా చాలా చిన్నది. తెరిచిన ఏడాదిలోపే మూతపడిన కర్రీ పాయింట్లు నాకు చాలా తెలుసు. వాటిలో ఏ ఒక్కటీ కూర బాగాలేక మూతపడలేదు.

నకిరేకల్ దగ్గరి ఒక రైతు భార్యతో నిమ్మకాయ పచ్చళ్ల వ్యాపారం పెట్టిస్తానని వచ్చాడు. ఆమె పచ్చడిని ఊరంతా మెచ్చుకుంటుందట. పదిహేను రోజులు రాసుకొని రమ్మన్నాను. తెచ్చిన నోటుపుస్తకంలో పచ్చడి గురించి ఉన్నది ఒకే వాక్యం: “రెండు వందల కాయలు కోసింది, నడుము నొప్పి అని పడుకుంది.” ఆ వెనక పేజీలో ఇలా ఉంది: “నిమ్మ బస్తాల డబ్బు రాలేదని అడ్తిదారుకు ఫోన్ చేసింది. ఏ తేదీన ఎన్ని బస్తాలు, ఏ ధర, తరుగు ఎంత తీశారు, కాగితం చూడకుండా చెప్పింది. గొంతు పెంచలేదు. సాయంత్రానికి డబ్బు వచ్చింది.” ఆ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు ఆమె ధాన్యం కొనుగోళ్ల కాలంలో మహిళా సంఘం నడిపే ఐకేపీ కేంద్రంలో లెక్కలు చూస్తుంది, మిగతా రోజుల్లో రెండు దుకాణాల ఖాతాలు రాస్తుంది. పచ్చడి ఇంటికి మాత్రమే పెడుతుంది.

ఇంట్లో మనిషి పనిని దగ్గరగా చూస్తే ఏమవుతుందో మన ప్రాంతంవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆలేరు దగ్గరి శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం, ఆసు పోసేటప్పుడు (చీర నేసే ముందు నూలును మేకుల చుట్టూ చుట్టే పని) తల్లి చేయి ముందుకీ వెనక్కీ వేల సార్లు ఎలా ఆడుతుందో, భుజం ఎక్కడ నొప్పి పెడుతుందో చూసి చూసి, 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. “అమ్మ కష్టజీవి” అని అనుకొని ఊరుకుంటే ఆ యంత్రం వచ్చేది కాదు. చేయి కదలికను చూడాలి. నేను గుణాలు రాయవద్దని అంత గట్టిగా చెప్పేది అందుకే.

రెండవ దశ: పనితో జతచేయడం

గీత గీసిన వాక్యాల్లో క్రియను పట్టుకోండి. లెక్క తేల్చింది, బాగుచేశాడు, ఒప్పించింది, నేర్పాడు, సర్దింది. ఆ క్రియ రోజంతా అవసరమయ్యే పనులు మీ చుట్టుపక్కల ఏమున్నాయో చూడండి. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో అవసరమయ్యే మనిషి వేరు, చౌటుప్పల్ ఫ్యాక్టరీల్లో వేరు, జడ్చర్ల మార్కెట్లో వేరు, నార్కట్‌పల్లి, బీబీనగర్ ఆసుపత్రుల చుట్టూ బతికే వ్యాపారాల్లో వేరు. మూడు పనులు ఎంచుకోండి. నాలుగు వద్దు, రెండు కూడా వద్దు. మూడింటిలో ఏదీ మొదటి ఏడాది అద్దె కొట్టుతో మొదలయ్యేది కాకూడదు.

ఫోనులో దొరికే వృత్తి పరీక్షలు చేయించవచ్చు కదా అని చదువుకున్నవాళ్లు అడుగుతారు. జాన్ హాలండ్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1959లో వృత్తి ఆసక్తులను బట్టి మనుషులను ఆరు రకాలుగా విడదీశాడు: చేతిపని ఇష్టపడేవాళ్లు, శోధించేవాళ్లు, కళాకారులు, నలుగురికీ తోడ్పడేవాళ్లు, వ్యాపార చొరవ ఉన్నవాళ్లు, కాగితాలూ లెక్కలూ పద్ధతిగా నడిపేవాళ్లు. ఇప్పటి పరీక్షల్లో చాలావాటికి మూలం అదే. ఆ విభజనలో తప్పు లేదు. చిక్కెక్కడంటే, జవాబులు చెప్పేది ఆ మనిషే. ఇరవై ఏళ్లు కాపురం చేసిన ఆవిడను “మీకు నాయకత్వం ఇష్టమా?” అని అడిగితే, అత్తగారు పక్కన ఉన్నా లేకపోయినా, “లేదు” దగ్గరే గుర్తు పెడుతుంది. అదే మనిషి సంఘం సమావేశంలో పదిమంది బాకీలు రాబడుతుంది. పరీక్షకు దొరకని ఈ సంగతి మీ నోటుపుస్తకానికి దొరుకుతుంది.

కొన్ని జతలు మనవాళ్లు కళ్లు మూసుకొని కలిపేస్తారు. “బాగా మాట్లాడతాడు, ఎల్‌ఐసీ ఏజెంటుగా చేర్పిద్దాం” అన్నది మొదటిది. చేరడం తేలికే. పదో తరగతి, 25 గంటల శిక్షణ, ఒక పరీక్ష. కానీ అక్కడ కావలసింది మాటలు కాదు. ఎవరి కూతురికి ఎన్నేళ్లు వచ్చాయో గుర్తుండాలి, “తర్వాత చూద్దాం” అన్నవాళ్ల ఇంటికి మూడో నెల మళ్లీ నవ్వుతూ వెళ్లగలగాలి. అరుగు మీద కూర్చొని రాజకీయాలు దంచేవాళ్లలో ఈ రెండూ ఉన్నవాళ్లు తక్కువ.

రెండోది, “పిల్లలంటే ఇష్టం, బీఈడీ చేయిద్దాం.” పిల్లలంటే ఇష్టమైతే చిన్న తరగతులే మనసులో ఉంటాయి. ప్రాథమిక తరగతుల ప్రభుత్వ ఉపాధ్యాయ పోస్టులకు బీఈడీ పనికిరాదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో తేల్చింది. వాటికి డీఈఎల్‌ఈడీ అనే ప్రాథమిక ఉపాధ్యాయ డిప్లొమా ఉండాలి, ఆపైన టెట్ అనే అర్హత పరీక్ష గట్టెక్కాలి. బీఈడీ హైస్కూలు తరగతుల కోసం. రెండేళ్ల ఫీజు కట్టాక ఈ సంగతి తెలుసుకొని మా దగ్గరకు వచ్చి తలపట్టుకున్నవాళ్లు ఉన్నారు.

చదువు ఆగిపోయిన మనిషి అయితే ముందు డిగ్రీ పూర్తి చేయించాలని పట్టుబట్టకండి. 1982లో మొదలైన అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పని చేసుకుంటూ చదువుకునేవాళ్ల కోసమే ఉంది. ఆ చదువు పనికి తోడుగా నడవాలి, పని మొదలుపెట్టడానికి అడ్డం కాకూడదు.

మూడవ దశ: మాట ఎత్తడం

ఇప్పటివరకు చెప్పినవి ఎవరైనా చేయగలరు. పని చెడేది ఇక్కడే. నెమ్మదిగా చదవండి.

మీరు “కొత్త పని” అనగానే అవతలి మనిషి చెవికి పాత పని మీద తీర్పు వినిపిస్తుంది. భార్య చెబితే భర్తకు వినిపించేది “మీ సంపాదన చాలడం లేదు” అని. భర్త చెబితే భార్యకు వినిపించేది “పొద్దుటి నుంచి రాత్రి దాకా నువ్వు చేసేది పనే కాదు” అని. మీరు ఎంత తీయగా చెప్పినా ఇది తప్పదు. కాబట్టి మొదటి రోజు పని పేరు ఎత్తకూడదు. ఇది నా నియమం, దీనికి మినహాయింపు లేదు. మొదటి రోజు మీరు చూసినది ఒకటి చెప్పి ఊరుకోవాలి. పని పేరు కనీసం వారం తర్వాత.

ముందు చోటు సంగతి. ఎదురెదురుగా కూర్చొని చెప్పకండి, అది పంచాయితీలా ఉంటుంది. అన్నం తినేటప్పుడు వద్దు. పడుకోబోయే ముందు అసలు వద్దు, ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర ఉండదు. బస్సులో కుదరదు, వెనక సీట్లో తప్పకుండా ఊరివాళ్లు ఉంటారు. బైకు మీద గాలికి సగం మాటలు ఎగిరిపోతాయి, మిగిలిన సగం తప్పుగా వినిపిస్తాయి. పక్కపక్కన నడుస్తూ చెప్పాలి. నల్లగొండవాళ్లకు పానగల్లు ఉదయసముద్రం కట్ట ఉంది, మహబూబ్‌నగర్‌వాళ్లకు పెద్దచెరువు కట్ట ఉంది. పల్లెలో అయితే పొలం గట్టు. నడుస్తుంటే ముఖాలు చూసుకోవాల్సిన పని లేదు, మాట ఆగినా ఇబ్బందిగా ఉండదు.

సమయం గురించి మూడు ముక్కలు. ఆ వారం ఇంట్లో డబ్బు గొడవ జరిగి ఉండకూడదు. ఆ మనిషికి ఉద్యోగంలోనో పొలంలోనో కొత్తగా దెబ్బ తగిలి ఉండకూడదు. పత్తి పంట దెబ్బతిన్న ఏడాది దీపావళికి “మీరు వేరే పని చూసుకోండి” అంటే అది సూచన కిందికి రాదు. అత్తమామలు, తోటికోడళ్లు, బావమరుదులు, పిల్లలు ఎవరూ వినపడేంత దూరంలో ఉండకూడదు.

ఆఖరిది మనవాళ్లు అస్సలు పాటించరు. మన వైపు ఏదైనా ముఖ్యమైన మాట ఉంటే పెద్దమనుషుల చేత చెప్పించడం అలవాటు. మామగారి చేతనో, బావమరిది చేతనో, పెళ్లి కుదిర్చినాయన చేతనో. పెళ్లి సంబంధాలకూ భూమి తగాదాలకూ అది సరిపోతుందేమో, దీనికి విషం. అచ్చంపేట వైపు ఒకామె భర్త ముంబైలో కూలి పనికి వెళ్లి తిరిగి వచ్చేశాడు. ఊళ్లో ఎవరి బోరు మోటారు ఆగినా అతన్నే పిలుస్తారు. స్టార్టరు విప్పి, వాసన చూసి, వైండింగ్ కాలిందో కెపాసిటర్ పోయిందో చెప్పేస్తాడు. వేసవిలో లో వోల్టేజీకి మోటార్లు వరసగా కాలిపోయే ప్రాంతమది, వైండింగ్ నేర్చుకుంటే చేతినిండా పని. ఆమె బలాన్ని సరిగ్గా పట్టుకుంది, పనినీ సరిగ్గా ఎంచింది. చెప్పడం మాత్రం తమ్ముడి పెళ్లిలో, బంతి భోజనాల దగ్గర, అన్నల ముందు చెప్పింది: “మా ఆయనకు ఏదైనా పని చూపించండి, మోటార్ల పని బాగా వస్తుంది.” అతను చేయి కడుక్కొని లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఊళ్లో మోటార్లు చూడటం కూడా మానేశాడు. చాలా కాలానికి ఒక స్నేహితుడు అదే మాట పొలం దగ్గర ఒంటరిగా చెబితే వెళ్లి నేర్చుకున్నాడు. ఇప్పుడు సొంత వైండింగ్ షాపు ఉంది. అది స్నేహితుడి సలహా అనే ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఇక మొదటి రోజు వాక్యం. చూసిన సంఘటన ఒకటి, ఎప్పుడు జరిగిందో చేర్చి చెప్పండి. పొగడ్త వద్దు, ముగింపు వద్దు. మా ఆయన చాలా కాలం ఎరువుల కొట్టులో గుమాస్తాగా చేశారు. కట్ట మీద నేను అన్నది ఇంతే: “మొన్న గురువారం కనగల్ రైతు జేబులో పత్తికాయ పెట్టుకొని వచ్చి, యజమాని కొట్లోనే ఉన్నా మీ కోసం అరగంట కూర్చున్నాడు.” ఆయన “అయితే?” అన్నారు. “ఏం లేదు, చూశాను, చెప్పాను” అన్నాను. పిల్లల ఫీజుల మాట ఎత్తి ఇంటికి వచ్చేశాం. రెండు రోజుల తర్వాత ఆయనే, “ఆ కాయలో గులాబీ పురుగు ఉంది, మా సారు చూడకుండానే మందు డబ్బా చేతిలో పెట్టేవాడు” అన్నారు. అప్పుడు కూడా నేను పని పేరు ఎత్తలేదు. ఒక ప్రశ్న అడిగాను: “రోజంతా అదే పని చేయమంటే మీకు విసుగు పుడుతుందా?”

ఈ ప్రశ్నను ఇలాగే అడగండి. “చేస్తారా?” అని అడిగితే అవుననో కాదనో చెప్పి తీరాలి, చాలామంది కాదనే చెబుతారు. “విసుగు పుడుతుందా?” అంటే ఆలోచించాల్సి వస్తుంది. ఆలోచన మొదలైతే పని పేరు తరచుగా వాళ్ల నోటి నుంచే వస్తుంది. రాకపోతే వారం తర్వాత మీ మూడు పనులూ చెప్పండి, మూడూ ఒకేసారి, మీకు ఏది నచ్చిందో చెప్పకుండా. ఒక్కటే చెబితే అది ఆజ్ఞ అవుతుంది.

అనకూడని మాటలు కొన్ని ఉన్నాయి. “ఎదురింటావిడ మిషను కుట్టి నెలకు ఇంత సంపాదిస్తోంది.” ఈ మాట తర్వాత మీరు ఏం చెప్పినా వినరు. “నీ మంచికే చెబుతున్నా.” ఇది విన్నవాళ్లెవరూ తమ మంచి కోసమని నమ్మరు. “అన్నీ మాట్లాడేశాను, రేపు వెళ్లి సంతకం పెట్టు.” ఇది చెప్పేవాళ్లను మా కేంద్రం గుమ్మం నుంచే వెనక్కి పంపుతాను. “నీకు అంత తెలివి ఉండి ఇలా వంటింట్లో...” అనే వాక్యాన్ని కూడా మొదలుపెట్టకండి, ఎలా ముగించినా తప్పే.

అభ్యంతరాలు వస్తాయి. “నాకు రాదు” అంటే వాదించకండి, నోటుపుస్తకంలోంచి ఇంకో సంఘటన చెప్పండి. “నలుగురూ ఏమనుకుంటారు” అంటే, ఆ నలుగురు ఎవరో పేర్లు అడగండి. సాధారణంగా ఒక్క పేరే బయటికొస్తుంది, ఆ ఒక్కరి సంగతి ఎలా చూడాలో ఇద్దరూ మాట్లాడుకోవచ్చు. “ఇంటి పని ఎవరు చేస్తారు?” అన్నదాన్ని మాత్రం అభ్యంతరంగా లెక్కేయకండి. అది నేరుగా మీకు వేసిన ప్రశ్న, దానికి జవాబు గంటల్లో చెప్పాలి. “నేనూ సాయం చేస్తాలే” అన్న జవాబు చెల్లదు. పొద్దున నీళ్లు పట్టడం, పిల్లల టిఫిన్ డబ్బాలు, ఆదివారం బట్టలు, వీటిలో ఏవి మీవో మాట ఎత్తకముందే నోటుపుస్తకం ఆఖరి పేజీలో రాసుకొని ఉండాలి. ఆ పేజీ ఖాళీగా ఉంటే కట్ట మీదికి వెళ్లకండి. వీలైతే మాట ఎత్తడానికి పది రోజుల ముందే ఆ పనులు చేయడం మొదలుపెట్టండి.

“వద్దు” అన్నది ఒకసారి వింటే ఆగండి, కారణం అడగండి. రెండోసారి కూడా “వద్దు” అంటే బతుకమ్మ పండుగ వెళ్లేదాకా, లేదా ఉగాది దాటేదాకా, ఏది దూరంగా ఉంటే అప్పటిదాకా మళ్లీ ఆ మాట ఎత్తవద్దు. అలిగినట్టు ముఖం పెట్టడం కూడా ఎత్తడం కిందే లెక్క.

నాలుగవ దశ: నెల రోజుల పరీక్ష

ఉన్న ఉద్యోగం మానకుండా ఒక నెల ఆ పని చేసి చూడాలి. వేరేవాళ్ల దగ్గర జీతం లేకుండానైనా సరే. శిక్షణ కావాలంటే డబ్బు కట్టే ముందు ఉచితంగా దొరికేవి చూడండి. చాలా జిల్లాల్లో ఒక బ్యాంకు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ ఉంటుంది. 1982లో కర్ణాటకలోని ధర్మస్థల దగ్గర ఉజిరెలో మొదలైన నమూనా అది. శిక్షణకు, భోజనానికి, వసతికి రుసుము ఉండదు. పోచంపల్లి దగ్గర జలాల్‌పూర్‌లో స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ కూడా ఉంది. విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అమ్మేవాళ్ల కోసం హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్ అనే వ్యవసాయ విస్తరణ సంస్థ 2003లో మొదలుపెట్టిన 48 వారాల డిప్లొమా ఉంది, వారానికి ఒక రోజే తరగతులు. మా ఇంట్లో దాని సంగతి ముందు ఎత్తింది మా ఆయనే.

నెల తర్వాత “ఎలా ఉంది?” అని అడగకండి. పొద్దున ఎవరూ లేపకుండా లేస్తున్నారో లేదో చూడండి.

ఐదవ దశ: కాగితాలు

ఇది తేలిక, కాబట్టి తొందరగా చెప్పేస్తాను. ఉద్యం, అంటే చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ నమోదు, ఆధార్‌తో ఉచితం, డబ్బు అడిగేవాళ్లకు ఇవ్వకండి. తినే వస్తువులు అమ్మితే, చిన్న వ్యాపారమైనా ఆహార భద్రత సంస్థ దగ్గర నమోదు చేసుకోవాలి. చిన్న వ్యాపారాలకు బ్యాంకులు ఇచ్చే ముద్ర రుణంలో శిశు కింద 50,000 దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా వస్తుంది. మొదటిసారి శిశు దాటి వెళ్లకండి. చేతివృత్తులవాళ్ల కోసం 2023 సెప్టెంబరులో మొదలైన కేంద్ర పథకం పీఎం విశ్వకర్మలో దర్జీ, మంగలి, చాకలి, కుమ్మరి, తాపీ పనివాళ్లు సహా 18 వృత్తులు ఉన్నాయి, మొదటి విడత రుణం లక్ష, వడ్డీ 5 శాతం. ఇంటికి ఒక్కరే అర్హులు, కాబట్టి ఎవరి పేరున పెట్టాలో ముందే అనుకోండి. చేనేత ఆ 18లో లేదు. పుట్టపాక, పోచంపల్లి, గద్వాల, నారాయణపేట నుంచి మగ్గం పనివాళ్లు ఆ దరఖాస్తు పట్టుకొని రావడం చూస్తూనే ఉన్నాను, వాళ్లకు చేనేత జౌళి శాఖ దారి వేరే ఉంది. మీలో ఒకరు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే, ఇంట్లోవాళ్లు వ్యాపారం మొదలుపెట్టిన సంగతి శాఖకు తెలియజేయాలి, బీమా ఏజెన్సీకి కూడా అదే వర్తిస్తుంది.

బ్యాంకు ఖాతా పని చేసే మనిషి పేరునే ఉండాలి, ఉమ్మడి ఖాతా వద్దు. బోర్డు రాయించేటప్పుడు దాని మీద ఫోను నంబరు కూడా ఆ మనిషిదే. సలహా ఇచ్చిన భర్త నంబరు రాయించిన టైలరింగ్ బోర్డులు మన ఊళ్లలో కావలసినన్ని ఉన్నాయి. ఫోన్ చేస్తే ఆయన ఎత్తి, “ఆమె పనిలో ఉంది, ఏం కావాలో నాకు చెప్పండి” అంటారు, జాకెట్టు కొలతలు అడిగితే మాత్రం “ఆమెనే అడగాలి, సాయంత్రం చేయండి” అంటారు.